దూరమును దాచలేని సాధనము: బోర్డ్‌గేమ్ డాట్ ఐఓ లైబ్రరీపై ఒక విమర్శ

గుడి మంటపపు బండల మీద చెక్కిన పులిజూదపు గీతలను మనలో పలువురు చూచియే యుందురు. 3 పెద్ద గులకరాళ్లు పులులు. 15 చింతపిక్కలు మేకలు. గీతలు కలియు 23 స్థానములలోనే ఆట యంతయు నడచును. ఆడువారు ఇద్దరును ఎదురెదురుగా కూర్చుందురు. ఎవరి వంతు వచ్చినదో, ఎవరి చేయి కదలినదో, మేక పోయినదో లేదో ఇద్దరును ఒకేసారి చూతురు. తగవు వచ్చినచో ప్రక్కన నిలిచిన పెద్దవారు తీర్పు చెప్పుదురు.

ఇప్పుడు ఆ ఇద్దరిలో ఒక విద్యార్థి సాలూరులోను, ఇంకొక విద్యార్థి హైదరాబాదులోను ఉన్నారనుకొందము. ఇద్దరి చేతులలోను ఫోనులు కలవు. అనగా ఒకే ఆటకు రెండు పలకలు ఏర్పడినవి. ఒక పలక మీద కదలిన మేక రెండవ పలక మీద కూడ కదలవలెను. రెండు పలకలకు తేడా వచ్చినచో వానిలో ఏది నిజమైనది? ప్రక్కన నిలిచిన పెద్దవారి స్థానము ఎవరిది? దూరముగా ఉన్నవానికి అన్యాయము జరుగకుండునా? కంప్యూటరు ద్వారా పలువురు కలిసి ఆడు ఆటలలోని చిక్కంతయు ఈ మూడు ప్రశ్నలలో ఉన్నది.

ఈ చిక్కును తాము విప్పెదమని చెప్పు సాధనములు నేడు అనేకము కలవు. వానిలో ఉన్నత పాఠశాల విద్యార్థి అర్థము చేసికొనదగినది, ఉచితముగా లభించునది ఒకటి ఉన్నది. దాని పేరు బోర్డ్‌గేమ్ డాట్ ఐఓ. అది ఏమి చేయునో, ఏమి చేయజాలదో విచారించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

లైబ్రరీ అనగా ఇచ్చట పుస్తకములున్న భవనము కాదు. ప్రోగ్రాములు వ్రాయువారికి మాటిమాటికి అవసరమగు భాగములను ముందే తయారు చేసి పెట్టిన సముదాయమునకు ఆ పేరు వచ్చినది. ఇల్లు కట్టువాడు తలుపులను, కిటికీలను వడ్రంగి దుకాణము నుండి తెచ్చుకొన్నట్లే, ఆట వ్రాయువాడు ఈ భాగములను తెచ్చి తన ఆటలో అమర్చుకొనును. ఆటగాని ఫోనులో నడచు భాగమును క్లయింటు అందురు. అందరి క్లయింట్లకును నడుమనుండి వార్తలు అందుకొని పంచు యంత్రమును సర్వరు అందురు.

యంత్రముల ద్వారా పలువురు కలిసి ఆడుట కొత్త విషయము కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ప్లేటో అను విద్యాబోధన యంత్రము మీద 1973 నాటికే విద్యార్థులు కలిసి ఆడు ఆటలను వ్రాసిరి. 1996లో వచ్చిన క్వేక్‌వరల్డ్ అను ఆటలో జాన్ కార్మాక్ ఒక ముఖ్యమైన ఉపాయమును ప్రవేశపెట్టెను. సర్వరు జవాబు వచ్చువరకు వేచియుండక, ఆటగాని కదలికను క్లయింటు తానే ముందుగా ఊహించి చూపును. తరువాత సర్వరు చెప్పినదానిని బట్టి దిద్దుకొనును. మన లైబ్రరీ కూడ ఈ మార్గములోనిదే.

గూగుల్ సంస్థలో పనిచేసిన నికొలో డేవిస్ దీనిని 2017లో వెలువరించెను. మొదట జావాస్క్రిప్టు భాషలో వ్రాయబడినది. దీని మూలమును ఎవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును, పంచవచ్చును. ఇది తుపాకులు పేలు వేగపు ఆటలకు ఉద్దేశింపబడలేదు. చదరంగము, పులిజూదము, అష్టాచెమ్మా వంటి, వంతుల ప్రకారము ఆడు ఆటలకు ఉద్దేశింపబడినది.

ఇందులో మొట్టమొదట మెచ్చుకొనవలసినది ఆటను వర్ణించు పద్ధతి. పులిజూదమును వ్రాయదలచిన విద్యార్థి తీగలను గూర్చి, వార్తలను గూర్చి ఆలోచింప నక్కరలేదు. రెండే విషయములు చెప్పవలెను. మొదటిది, ఆట ఆరంభములో పలక ఎట్లుండునో. రెండవది, ఏ ఎత్తు వేసినచో పలక ఎట్లు మారునో. గణితములో ప్రమేయము అని చెప్పుకొన్నదే ఇది. ఇప్పటి స్థితిని, వేసిన ఎత్తును లోపలికి ఇచ్చినచో కొత్త స్థితి బయటికి వచ్చును. ఒకే స్థితికి ఒకే ఎత్తు ఎన్నిసార్లు ఇచ్చినను, ఏ యంత్రములో ఇచ్చినను, ఒకే ఫలితము రావలెను. అందుచేతనే నియమములను వ్రాయునప్పుడు గడియారమును చూడరాదనియు, ఇష్టము వచ్చినట్లు యాదృచ్ఛిక సంఖ్యలను తీసికొనరాదనియు ఈ లైబ్రరీ కట్టడి చేయుచున్నది. అష్టాచెమ్మాలో గవ్వలు వేయవలసి వచ్చినచో, లైబ్రరీ ఇచ్చు ప్రత్యేక సాధనము ద్వారానే వేయవలెను.

ఈ కట్టడి మొదట విసుగు పుట్టించును. కాని దాని ఫలము గొప్పది. నియమములు ఏ యంత్రములో నడచినను ఒకే ఫలితమిచ్చును గనుక, అవే నియమములను క్లయింటులోను, సర్వరులోను కూడ నడుపవచ్చును. సాలూరు విద్యార్థి మేకను జరిపిన వెంటనే అతని ఫోను ఆ నియమమును తానే నడిపి, జరిగిన మేకను చూపును. అదే సమయమున ఎత్తును సర్వరునకు పంపును. సర్వరు అదే నియమమును మరల నడిపి, ఎత్తు సరియైనదైనచో రెండు ఫోనులకును కొత్త స్థితిని తెలుపును. తేడా వచ్చినచో సర్వరు పలకయే నిజము. ఫోనులోని పలక దిద్దబడును. ప్రక్కన నిలిచిన పెద్దవారి స్థానము ఇట్లు సర్వరునకు వచ్చినది. ఒకడు తన ఫోనులోని ప్రోగ్రామును మార్చి పులిని రెండు గీతలు దాటించినను, సర్వరు దానిని అంగీకరింపదు. నియమములు చక్కగా వ్రాసినంత వరకు ఈ తీర్పు నిష్పాక్షికమైనది.

ఇంతవరకు లైబ్రరీ తన మాట నిలబెట్టుకొన్నది. ఇక దూరము మాట చూతము.

గాజు తంతువులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. అనగా సెకనులో వెయ్యవ వంతైన మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు. సాలూరు నుండి హైదరాబాదునకు సూటిగీతలో సుమారు 515 కిలోమీటర్లు. ముంబయికి సుమారు 1,090. సింగపూరునకు సుమారు 2,950. సర్వరు హైదరాబాదులో ఉన్నచో వార్త పోయి జవాబు వచ్చుటకు కనీసము 5 మిల్లీసెకనులు, ముంబయిలో ఉన్నచో 11, సింగపూరులో ఉన్నచో 30 పట్టును. ప్రకృతి విధించిన ఈ కనీస కాలమును ఏ లైబ్రరీయు తగ్గింపజాలదు. అమెజాన్ సంస్థ తన సర్వరు కేంద్రములను 2016లో ముంబయిలోను, 2022 నవంబరులో హైదరాబాదులోను తెరచినది. ఇట్టి కేంద్రములు దగ్గరకు వచ్చుట మనకు మేలు. కాని దూరము సున్న కాలేదు.

వాస్తవములో పట్టు కాలము ఈ లెక్క కంటె చాల ఎక్కువ. తంతువులు సూటిగీతలో పోవు. ఫోను నుండి టవరునకు పోవు రేడియో తరంగముల వద్ద వంతు కొరకు వేచియుండవలెను. దారిలోని ప్రతి కూడలి వద్దను కొంత ఆగవలెను. దీనికి తోడు మరియొక చిక్కు కలదు. ఈ లైబ్రరీ వార్తలను సాకెట్ డాట్ ఐఓ అను మరియొక లైబ్రరీ ద్వారా పంపును. ఆ మార్గములో వార్తలు పంపిన వరుసలోనే చేరవలెను. పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు లారీల ఊరు. అచ్చటి పాఠకులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. సాలూరు నుండి సుంకి మీదుగా కొరాపుట్ పోవు ఘాటు రోడ్డులో ఇరుకైన మలుపు వద్ద ముందు లారీ ఆగినచో వెనుకనున్నవన్నియు ఆగవలసినదే. వాని ఇంజనులు ఎంత మంచివైనను ప్రయోజనము లేదు. అట్లే ఒక వార్త దారిలో తప్పిపోయి మరల పంపవలసి వచ్చినచో, దాని వెనుకనున్న వార్తలు చేరి కూడ వేచియుండును.

వంతుల ఆటలో ఇది కేవలము ఓపికకు పరీక్ష. పులి వంతులో మేక కదలరాదు గనుక, వార్త ఆలస్యముగా చేరినను ఫలితము మారదు. పులిజూదమునకు ఈ లైబ్రరీ చక్కగా అమరుటకు కారణమిదే.

కాని ఈ లైబ్రరీలో పలువురు ఒకే సమయమున ఎత్తు వేయుటకు కూడ అవకాశము కలదు. దోషము ఇచ్చట ప్రారంభమగుచున్నది. సర్వరు ప్రతి స్థితికి ఒక క్రమసంఖ్య ఇచ్చును. క్లయింటు తన ఎత్తును పంపునప్పుడు, తాను ఏ సంఖ్యగల స్థితిని చూచి ఆ ఎత్తు వేసెనో కూడ తెలుపును. ఆ సంఖ్య పాతబడినదైనచో సర్వరు మామూలుగా ఆ ఎత్తును త్రోసివేయును. పులిజూదములో ఇది మంచి కాపలా. ఇద్దరును ఒకేసారి ఆడు ఆటలో మాత్రము ఏమగును? ఇద్దరును 40వ స్థితిని చూచి ఎత్తు వేసిరి. హైదరాబాదు విద్యార్థి ఎత్తు ముందు చేరినది. స్థితి 41 అయినది. సాలూరు విద్యార్థి ఎత్తు క్షణములో కొంత వెనుక చేరినది; అది 40వ స్థితిని చూచి వేసినదగుటచే త్రోసివేయబడినది. అతని తప్పు ఏమియు లేదు. అతడు బుద్ధిలోను, చేతి వేగములోను తీసిపోలేదు. సర్వరునకు దూరముగా ఉన్నాడు, అంతే. ఫోనులో ముందు జరిగినట్లు కనబడిన కాయ వెనుకకు పోవును. ఎందుకు పోయినదో అతనికి తెలుపు బాధ్యత ఆట వ్రాసినవానిదే; ఆ మాట మరచినచో ఆ పిల్లవాడు తన వ్రేలినే అనుమానించును.

దీనికి లైబ్రరీలో ఒక విరుగుడు కలదు. ఇగ్నోర్ స్టేల్ స్టేట్ ఐడి అను గుర్తును ఒక ఎత్తుకు తగిలించినచో, ఆ ఎత్తును పాత సంఖ్యతో వచ్చినను సర్వరు స్వీకరించును. అయితే దానిని కోరి పెట్టుకొనవలెను. ఒకే యంత్రములో రెండు కిటికీలు తెరచి పరీక్షించు విద్యార్థికి ఈ దోషము కనబడదు. అచ్చట దూరము లేదు గదా! న్యాయమునకు సంబంధించిన ఏర్పాటు ఇట్లు మూలనపడి ఉండుటను ఈ లైబ్రరీలోని పెద్ద లోపముగా నేను భావించుచున్నాను.

విరుగుడు కూడ సగమే. ఎత్తును స్వీకరించినంత మాత్రమున మొదట చేరినదానికే మొదటి ఫలము దక్కుట ఆగదు. ఉపాధ్యాయులకు ఈ విషయము తరగతిలో అనుభవమే. ప్రశ్న వేసి, ముందు చేయి ఎత్తినవానికే మార్కు అన్నచో ముందు బల్లవారికి లాభము. అందరిని పలకల మీద వ్రాయమని, తరువాత ఒకేసారి చూచినచో వెనుక బల్లవానికి నష్టము లేదు. గణితములో చెప్పవలెనన్నచో, మొదటిది వ్యవకలనము వంటిది; వరుస మారినచో ఫలితము మారును. రెండవది సంకలనము వంటిది. 3కు 5 కలిపినను, 5కు 3 కలిపినను 8యే. ఒకేసారి ఆడు ఆటలలో ఎత్తులను సంకలనము వలె, వరుసతో పనిలేకుండ ఫలితమిచ్చునట్లు కూర్చినచో దూరము అన్యాయముగా మారదు. లైబ్రరీ ఈ పని చేయదు. ఆటను కూర్చువాడే చేయవలెను.

మరి మూడు లోపములను సంగ్రహముగా చెప్పుదును. మొదటిది గుర్తింపు. ప్రాథమిక పాఠములలో క్లయింటు తాను 0వ ఆటగాడనో, 1వ ఆటగాడనో చెప్పుకొన్నచో చాలును. తరగతి గదిలో ఇది సులువు. బయట మాత్రము ఎవడైనను పులినని చెప్పుకొని పులిని కదపవచ్చును. రహస్యపు గుర్తులతో ఆటగాండ్రను చేర్చుకొను పద్ధతి లైబ్రరీలో కలదు. దానిని నేర్చుకొన్న పిదపనే ఆటను బయటికి పంపవలెను.

రెండవది రహస్యములు. పులిజూదములో దాచవలసినది లేదు. పేక ముక్కల ఆటలో ఎదుటివాని చేతి ముక్కలు మనకు తెలియరాదు. వానిని తెర మీద చూపకుండుట చాలదు. ఫోనునకు పంపనే రాదు. పంపినచో చదువగలవాడు చదువును. ప్లేయర్ వ్యూ అను ఏర్పాటు ద్వారా ఎవరికి తెలియవలసినది వారికే పంపవచ్చును. యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టు మూలసంఖ్యను కూడ లైబ్రరీ సర్వరు వద్దనే ఉంచును. ఇది మెచ్చదగినది. అయితే ప్లేయర్ వ్యూను కూడ అడిగిననే గాని అది అమర్చదు.

మూడవది జ్ఞాపకము. సర్వరు మామూలుగా ఆటలను తన తాత్కాలిక జ్ఞాపకములో మాత్రమే ఉంచును. కరెంటు పోయి యంత్రము ఆగినచో అన్ని ఆటలును పోవును. నిలువ ఉంచు ఏర్పాటును వేరుగా జోడింపవలెను.

దుబారా మాట కూడ కొంత చెప్పవలెను. పులిజూదపు పలకలో 23 స్థానములు. ఒక్కొక్క స్థానము ఖాళీయో, పులియో, మేకయో అగును. 3ను 23 సార్లు గుణించినచో సుమారు 9,414 కోట్లు వచ్చును. 2ను 37 సార్లు గుణించినచో వచ్చు సంఖ్య దీనికంటె పెద్దది. 36 సార్లు గుణించినచో చిన్నది. కాబట్టి పలక మీది కాయల అమరికను తెలుపుటకు 37 బిట్టులు చాలును. అదే అమరికను 23 అంకెలుగా, నడుమ కామాలతో, ఇరుప్రక్కల కుండలీకరణములతో వ్రాసినచో 47 అక్షరములగును. అక్షరమునకు 8 చొప్పున 376 బిట్టులు. అనగా పదింతలు. ఈ లైబ్రరీ ఈ రెండవ పద్ధతివంటి వ్రాతనే వాడును. పైగా, మార్పును మాత్రమే పంపు ఏర్పాటు ఉన్నను, దానిని కోరనంత వరకు ప్రతి ఎత్తు తరువాతను స్థితినంతటిని పంపును. ఇంత చిన్న ఆటకు ఈ దుబారా బరువు కాదు. విద్యార్థి పంపిన వార్తను తెరచి కంటితో చదువుకొనవచ్చును గనుక పాఠముగా లాభమే. పెద్ద పలకలకు, బలహీనమైన సంకేతమున్న కొండ గ్రామములకు ఇది తగదు.

పాఠశాలలో ఆటల ప్రోగ్రాములేమిటని కొందరు ఉపాధ్యాయులు సందేహింపవచ్చును. ఆ సందేహమునకు కారణము లేకపోలేదు. డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటల వలన కుటుంబములు నష్టపడుట చూచి 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ వానిని నిషేధించుచు చట్టములను సవరించినవి; 2025లో పార్లమెంటు దేశమంతటికిని ఒక చట్టము చేసినది. కాని పులిజూదములో పేరునందే గాని పందెము లేదు. ఆటను ఆడుటకును, ఆటను నిర్మించుటకును కూడ భేదము కలదు. నిర్మించువాడు ప్రతి నియమమును సందేహము లేకుండ చెప్పవలెను. పులి ఒకే వంతులో రెండు మేకలను మింగవచ్చునా? మేకలన్నియు పలక మీదికి రాకముందు మేకను జరుపవచ్చునా? ఇవి ఊరూర మారు నియమములు. వానిని ఇంటి పెద్దలను అడిగి తెలిసికొని, తర్కబద్ధముగా వ్రాయుట మంచి విద్య.

కనుక నా సూచన ఇది. 9వ, 10వ తరగతుల విద్యార్థులు మొదట పులిజూదమును కాగితము మీద స్థితిగాను, ఎత్తులుగాను వ్రాయవలెను. పిమ్మట ఈ లైబ్రరీతో ఒకే యంత్రములో నడుపవలెను. ఎత్తుల చిట్టాను వెనుకకు త్రిప్పి, ప్రతి ఎత్తు వద్దను పలక ఎట్లుండెనో చూపు సదుపాయము ఇందులో కలదు; తప్పును పట్టుకొనుటకు దానిని మించినది లేదు. చివరకు రెండు ఫోనులలో, వీలైనచో రెండు ఊళ్లలో ఆడి చూడవలెను. ఒక ఫోనును సంకేతము బలహీనముగా ఉన్న చోటికి తీసికొనిపోయి, ఏమి మారునో గమనింపవలెను. ఈ చివరి మెట్టును వదలినచో పాఠములో సగము పోయినట్లే.

మొత్తము మీద బోర్డ్‌గేమ్ డాట్ ఐఓ నిజాయితీగల సాధనము. తీర్పును ఒకే చోట ఉంచినది. నియమములను నిర్మలముగా వ్రాయుట నేర్పుచున్నది. తీగలను, వార్తలను మన కంటికి కనబడకుండ చేసినది. అయితే అది దారిని మాత్రమే దాచగలదు. దూరము అట్లే ఉండును. సాలూరు బాలుడు హైదరాబాదు బాలునితో సమానముగా ఆడవలెనన్నచో, ఆ సమానత్వమును లైబ్రరీ నుండి ఎదురుచూడక, ఆట నియమములలోనే పెట్టవలెను. బండ మీద ఆ గీతలను చెక్కినవారు ఒకరి తరువాత ఒకరు ఆడవలెనని నియమించిరి. తొందర పడినవానికి అందులో లాభము లేదు; ఆలోచించినవానికే గెలుపు. కొత్త ఆటలు కట్టు విద్యార్థి ఆ గీతల వద్ద నేర్చుకొనవలసినది ఇంకను కలదు.